అంగీ తొడుక్కున్న బండి

మా బాపు ముప్పై ఏండ్లు జనగామ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేశాడు. ఊరు మారేవాళ్లు మోటారు సైకిల్ తెచ్చి ఆయన ముందు నిలబెడితే, దానికి గడ్డి చుట్టి, గోనెపట్టా కప్పి, దబ్బనంతో కుట్టి, మెడలో చీటీ వేలాడదీసి రైలెక్కించేవాడు. ట్యాంకులో పెట్రోల్ ఉంచుకుని వచ్చినవాళ్లను ప్లాట్‌ఫారం మీదనే నిలబెట్టి పదిమందీ వినేట్టు తిట్టేవాడు. మూత తీసి వాసన చూసేవాడు. బండిని అటూ ఇటూ ఊపి చెవి ఆనించి వినేవాడు. లోపల గుటుక్కుమన్నదంటే బండి వెనక్కి పోవాల్సిందే. కలెక్టరు బండి వచ్చినా తన దగ్గర ఇదే రూలని ఇంట్లో గొప్పగా చెప్పేవాడు. ఏ కలెక్టరూ బండి తెచ్చిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

పరాయి బండి మీదనే అంత పట్టింపు ఉన్న మనిషికి సొంత బండి మీద ఎంత ఉంటుందో చెప్పాల్సిన పని లేదు. నల్లటి బండి, ట్యాంకుకు రెండు వైపులా సన్నటి బంగారు రంగు చార. కొన్న నాటి నుంచి దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానం చేసినా, నిద్రపోయినా అది నడుం దగ్గరే ఉండాలి. మా చిన్నాయన పెండ్లిచూపులకు పోవడానికి ఒక్కపూట అడిగితే, నచ్చే పిల్ల బస్సులో పోయినా నచ్చుతుందన్నాడు. చిన్నాయన బస్సులోనే పోయాడు, పెండ్లి కుదిరింది. బాపు ఆ ఘనత కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

ఆ బండిని నేను అడగాల్సి వచ్చింది.

నాకప్పుడు ఇరవై ఆరేండ్లు, పెండ్లి కాలేదు. భూపాలపల్లి ఇవతల చెల్పూర్ దగ్గర పల్లెల్లో పిల్లలకు సూదులు వేసే నర్సమ్మను. తెలంగాణ రావాలని అందరూ సమ్మెకు దిగిన కాలం అది. ఆఫీసులు, బళ్లు, బొగ్గుబాయిలు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. పసిపిల్లల సూదులకు మాత్రం సమ్మె లేదని మా డాక్టరమ్మ తేల్చి చెప్పింది. చెప్పడం సులువే. నాకు నాలుగు ఊళ్లు, రెండు తండాలు. దూరపు తండాకు బస్సు దిగినాక కూడా గంట నడవాలి. బస్సే లేకపోతే పొద్దున ఐసుడబ్బా భుజాన వేసుకుని బయలుదేరిన దాన్ని పొద్దు గూకినా చేరను. ఒక బుధవారం అట్లాగే అయింది. నడిచి నడిచి, సగం దారిలో డబ్బాలో ఐసు కరిగి, మందు పాడవుతుందని వెనక్కి తిరిగాను. తండాలో తల్లులు కూలి మానుకుని, పిల్లల్ని ఎత్తుకుని పగలంతా కూచున్నారట. రెండు రోజుల తరువాత వాళ్లలో ఒకామె అంగట్లో కనపడి నిలదీసింది.

"రానిదానివి వస్తనని ఎందుకు చెప్పినవు?"

మళ్లీ బుధవారం కూడా పోకపోతే వాళ్లు ఇంకెప్పుడూ నా మాట నమ్మరు, పిల్లలు సూది లేకుండా మిగిలిపోతారు. నాకు బండి నడపడం వచ్చు. మా సూపర్‌వైజరు పాత బండి మీద బడి మైదానంలో రెండు నెలలు నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకున్నాను. లేనిదల్లా బండి. ఆదివారం పొద్దున బయలుదేరి రెండు లారీలు, ఒక ట్రాక్టరు, ఒక పాల ఆటో మారి సాయంత్రానికి జనగామ చేరాను. అప్పుడు జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ అన్నీ ఒకటే జిల్లా. ఒకటే జిల్లా అయితే ఇంత దూరం ఎందుకుందో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

బాపు అప్పటికి రిటైరై, చౌరస్తాలో నిరాహారదీక్ష టెంటుకు పోవడం పనిగా పెట్టుకున్నాడు. తన వంతు ఉన్న రోజు సరే, లేని రోజు కూడా పోయేవాడు. వంతు లేని రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి కడుపునిండా తిని మళ్లీ పోయి దీక్షలో ఉన్నవాళ్ల పక్కన కూచునేవాడు. నేను అడగ్గానే ఆయన చేయి మొలతాడు మీదికి పోయింది, అంతే. అమ్మ మాత్రం ఊరుకోలేదు. ఒక్క బిడ్డ, అదీ తనకోసం కాదు, చంటిపిల్లల కోసం అడుగుతుందని రాత్రి అన్నంతో పాటు నాలుగు మాటలు కూడా వడ్డించింది. పొద్దున లేచేసరికి బాపు ఒప్పుకున్నాడు.

"బండి ఇస్త. కని ఒక్క గీత వడ్డదా, తెల్లారి బండి జనగామకు వాపస్ వస్తది. గిప్పుడే చెప్తున్న."

నేను నడుపుకుంటూ పోతానంటే వినలేదు. దారి పొడుగునా బంకులు ఎండిపోయాయి, రోడ్ల మీద చెట్లు నరికి అడ్డం వేశారు, నడుమ ఆగిపోతే దిక్కెవరన్నాడు. బండి పార్సిల్‌గానే పోవాలి. రైళ్లు కూడా ఆపేశారు కాబట్టి వ్యాన్‌లో పోవాలి. తాను కూడా వెంట వస్తాడు. ఎందుకు వస్తాడో చెప్పలేదు. బండి దింపి తిరిగి పోతాడనుకున్నాను.

సోమవారం పొద్దున ఏటో పోయి మిట్టమధ్యాహ్నం దాకా రాలేదు, బండి కూడా కనపడలేదు. టెంటులో ఉన్నాడనుకున్నాం. వచ్చినప్పటి నుంచి బండి కట్టే పని మొదలుపెట్టాడు. నేనూ సాయం చేస్తానంటే నన్ను వాకిట్లో మూడు గజాల దూరంలో స్టూలు వేసి కూచోబెట్టాడు. అద్దాలు విప్పి మూటగట్టాడు. వరిగడ్డిని తాళ్లలాగా వెంట్లు పేని ట్యాంకు చుట్టూ, ఇంజను చుట్టూ బిగించాడు. వెనక సగానికి గోనెపట్టా కుట్టేసరికి పట్టా అయిపోయింది. బజార్లో దుకాణాలన్నీ బందు. అప్పుడు ఆయనకొక ఉపాయం తట్టింది. ఇంట్లోకి పోయి తన పాత తెల్లంగీ, తెల్ల పైజామా పట్టుకొచ్చాడు. అంగీ చేతులు హ్యాండిల్‌కు రెండు వైపులా తొడిగితే కుట్టించినట్టు సరిపోయాయి. గుండీలు పెట్టి, పొట్ట దగ్గర ఖాళీ ఉందని ఇంత గడ్డి కూరాడు. పైజామాను నడుం దాకా విప్పదీసి, ముందు చక్రానికి అటొక కాలు ఇటొక కాలు షాకప్సర్లకు చుట్టి కుట్టాడు. హెడ్‌లైటు, మీటరు పగలకుండా వాటి మీద హెల్మెట్ బోర్లించి కట్టాడు. ఆ హెల్మెట్‌ను ఆయన తలకు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. చివరికి అట్టముక్క మీద మంచి దస్తూరితో 'జాగ్రత్తగా దించవలెను' అని రాసి మెడలో వేలాడదీశాడు. తెల్లారి బయలుదేరే ముందు అమ్మ వచ్చి, క్షేమంగా చేరాలని బంతిపూల దండ ఒకటి వేసి, హెల్మెట్ ముందు ఇంత పెద్ద కుంకుమబొట్టు పెట్టింది.

మాకెవరికీ అది బండి తప్ప ఇంకేదో లాగా కనపడలేదు. దాన్ని కట్టేటప్పుడు చూస్తూ ఉన్నాం మరి.

డీసీఎం వ్యాన్ డ్రైవరు జనగామ వాడే. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, స్టీరింగ్ ముందు రెండూ మాట్లాడేవాడు. ఉల్లిగడ్డ బస్తాలు భూపాలపల్లికి తీసుకుపోతున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తరువాత ఒకే ఒక్క మాట అడిగాడు.

"చాచా, టంకీ ఖాళీ చేసినవా?"

బాపు ముఖం ఎర్రబడింది. ముప్పై ఏండ్లు పార్సిల్ ఆఫీసులో చేసినవాణ్ణి పట్టుకుని ఆ మాట అడుగుతావా అని ఇంతెత్తున లేచాడు. డ్రైవరు చెవులు పట్టుకుని తప్పయిందన్నాడు. బీడీ ముట్టించబోతే, గడ్డి ఉన్నది, దూరం పోయి తాగమని బాపు కసిరాడు. బండి ఉన్న దరిదాపుల్లో ఆ రోజంతా ఎవరినీ అగ్గిపుల్ల గీయనివ్వలేదు. గడ్డికోసమే అనుకున్నాను.

కట్టే దగ్గర ఇద్దరికీ పడలేదు. బాపు రైల్లో పెట్టినట్టు బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టమన్నాడు. డ్రైవరు ఒప్పుకోలేదు. స్టాండు మీద నిలబెడితే గుంత వచ్చినప్పుడల్లా బండి ఎగిరి స్టాండు మీదే పడుతుంది, చేరేలోపు స్టాండైనా విరుగుతుంది, కింద చెక్కైనా పగులుతుంది అన్నాడు. ఆయన పద్ధతి వేరు. ముందు చక్రాన్ని క్యాబిన్ వెనక పలకకు ఆనించి, అటూ ఇటూ ఒక్కో ఉల్లిగడ్డ బస్తా ఒత్తుగా పెట్టాడు. బండిని గేరులో ఉంచాడు. బాపు పెట్టిన అంగీ గుండీలు రెండు విప్పి, లోపలికి చేయి పెట్టి, హ్యాండిల్ కింద నుంచి రెండు తాళ్లు తీసి చెరోవైపు కిందికి గుంజాడు. ముందు షాకప్సర్లు సగం కుంగేదాకా గుంజి కొక్కేలకు కట్టాడు. వెనక నుంచి మరో రెండు. ఇప్పుడు బండి పైకి లేవాలని చూస్తుంది, తాడు కిందికి పడుతుంది, నడుమ ఊగడానికి సందు లేదు. నన్ను పిలిచి ఊపి చూడమన్నాడు. నేను ఊపితే బండి కదల్లేదు, వ్యాన్ కదిలింది.

అక్కడితో అయిపోవాల్సింది. బాపుకు మనసు ఆగలేదు. సీటు మీదుగా ఒకటి, ట్యాంకు మీదుగా ఒకటి తాను కూడా తాళ్లు వేశాడు. ఆయన ముడి వేస్తే దేవుడు కూడా విప్పలేడని స్టేషన్‌లో పేరుండేది.

"చాచా, టంకీ మీద తాడెందుకు? పనిలేని తాడు రాసుకుంటది," అన్నాడు డ్రైవరు.

"కింద గడ్డిమెత్త వెట్టిన. నువ్వు బండి నడుపు."

నేను క్యాబిన్‌లో కూచున్నాను. బాపు వెనకాల, బండికి కాపలాగా, బస్తాల నడుమ టార్పాలిన్ నీడలో కూచున్నాడు. వరంగల్ రోడ్డు మీద అడుగడుక్కూ ఆపుతున్నారని డ్రైవరు పాలకుర్తి మీదుగా మానుకోట దారి పట్టాడు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

పెద్దవంగర దగ్గర మొదటిసారి ఆపారు. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి పెట్టి యాబైమంది కూచున్నారు. డ్రైవరు దిగి బతిమాలడానికి సిద్ధమవుతుంటే వాళ్లే లేచి, ఎడ్లబండిని పక్కకు జరిపి, చప్పట్లు కొట్టి దారిచ్చారు. మేం ఏమీ అడగలేదు. డ్రైవరు తన వ్యాన్ ముందు కట్టిన జెండా మహిమ అన్నాడు. పోతూ ఉంటే ఒక అవ్వ చీపురు పట్టుకుని వెంటపడి, వెనకాల దేన్నో రెండు దెబ్బలు వేసి, చాలా తృప్తిగా వెనక్కి తిరిగింది. ఈగలు ముసిరాయేమో, పాపం తోలుతున్నది అనుకున్నాను. నా తెలివికి నేనే ఇప్పుడు దండం పెడతాను. బాపు తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి, అప్పటికే నిద్రపోయాడు.

మానుకోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చౌరస్తాలో జనం కిక్కిరిసి ఉన్నారు. డప్పులు పట్టుకున్నవాళ్లు ఊరికే నిలబడ్డారు, చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లు చెట్టునీడకు కూచుని కొంగుతో విసురుకుంటున్నారు. మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి ఫోనులో ఎవరినో తిడుతున్నాడు. ఏదో రావాల్సింది రాలేదని చూస్తేనే తెలుస్తున్నది. మా వ్యాన్ మలుపు తిరిగింది. ఒక్కసారిగా డప్పులు మోగాయి. చెట్టుకింది ఆడవాళ్లందరూ లేచారు.

"వచ్చింది, దిష్టిబొమ్మ వచ్చింది," అని ఎవరో అరిచారు.

నేను క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాను. అప్పుడు కనపడింది నాకు. తెల్లంగీ, తెల్ల పైజామా, ముందుకు వచ్చిన పొట్ట, రెండు చేతులూ చాపి జనానికి అభయమిస్తున్నట్టు నిలబడ్డ నాయకుడు. మెడలో దండ, నుదుట బొట్టు. రోజూ సాయంత్రం ఏదో ఒక చౌరస్తాలో ఒక దిష్టిబొమ్మ కాలుతున్న రోజులవి. మా వాకిట్లో నిన్నటి నుంచి నిలబడ్డది సాక్షాత్తూ అదే. బాపు నెల రోజులుగా టెంటులో కూచుని అలాంటివి ఎన్ని చూసి ఉంటాడో. అయినా తట్టలేదు.

జనం వ్యాన్ ఎక్కేశారు. అది ఎవరి బొమ్మ అన్న దగ్గర మాత్రం కొంచెం తేడా వచ్చింది. పొట్ట చూసి ఒకాయన ఒక మంత్రి పేరు చెప్పాడు, బొట్టు చూసి ఇంకొకాయన వేరే పేరు చెప్పాడు. ఎవరైతేనేం, కొట్టాల్సినవాడే అని ఒకామె తేల్చింది. చెప్పులు, చీపుర్లు మొదలయ్యాయి. మొదట గడ్డి మీద మెత్తగా దబదబమన్నాయి. తరువాత ఎవరిదో చెప్పు హెల్మెట్‌కు తగిలి టంగుమన్నది. నేను కిందికి దూకి, అయ్యా అది బొమ్మ కాదు, బండి అని గొంతు చించుకున్నాను. డప్పుల్లో నా మాట నాకే వినపడలేదు. పైగా ఒక అక్క నా బాధ చూసి, దెబ్బ వేసే అవకాశం రాలేదని ఏడుస్తున్నాననుకుని తన చీపురు నా చేతిలో పెట్టింది. డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయాడు.

బొమ్మను దింపి చౌరస్తా నడుమకు తీసుకుపోవాలి. నలుగురు కుర్రవాళ్లు తాళ్లు విప్పబోయారు. వాళ్ల చేతికి మొదట దొరికింది బాపు ముడి. ఒకడు లాగాడు, ఇంకొకడు పళ్లతో పీకాడు. మూడోవాడు, అట్లా కాదు, తాడు కాలబెడితే తెగుతుందని జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీశాడు.

పుల్ల వెలిగిన చప్పుడుకే లేచాడో, చెప్పు దెబ్బలకు లేచాడో, బస్తాల నడుమ నుంచి బాపు నిటారుగా లేచి నిలబడ్డాడు. తలనిండా ఉల్లిపొట్టు. అందరికంటే గట్టిగా ఆయన గొంతు వినపడింది.

"ఆగుండ్రి. అది బండి. ట్యాంకుల పెట్రోలున్నది. నిండ ఉన్నది."

వెలుగుతున్న పుల్లను కుర్రవాడు నోట్లో పెట్టుకుని మింగలేదన్నమాటే గానీ, అంత పని చేశాడు. రెండు అరచేతుల మధ్య నలిపేసి వ్యాన్ మీది నుంచి దూకాడు. జనం ఒక్క అడుగు కాదు, పది అడుగులు వెనక్కి జరిగారు. డప్పులు ఆగిపోయాయి. డ్రైవరు క్యాబిన్‌లోంచి దిగి వచ్చి, ముందు జేబులోని బీడీకట్ట తీసి దూరంగా విసిరి, తరువాత బాపు వైపు చూశాడు. పొద్దున చెవులు పట్టుకున్నది గుర్తొచ్చినట్టుంది. తన వ్యాన్‌కు, తనకు, ఈ పిల్లకు ఏమైనా అయితే ఎవరు దిక్కని నిలదీశాడు. ఆయన మాటలో తప్పు లేదు. బాపు నా వైపు తిరిగాడు.

"బంకులన్ని ఎండిపాయె. బుధారం నాడు తండాకు పోవాలంటె బండిల ఏం వోస్తవు బిడ్డా, నీళ్లా?"

సోమవారం పొద్దుటి నుంచి ఆయన ఉన్నది టెంటులో కాదు. ఒకే ఒక్క బంకులో ట్యాంకరు వచ్చిందని తెలిసి అక్కడి వరుసలో నిలబడ్డాడు. నింపుకున్నాక మూత కింద ప్లాస్టిక్ కవరు వేసి, మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి, వాసన రాకుండా గడ్డి చుట్టాడు. ముప్పై ఏండ్లలో ఎందరినో ఏ తప్పుకు తిట్టాడో, ఆ తప్పులన్నీ వరుసగా తానే చేశాడు. అగ్గిపుల్ల ఇంకో జానెడు దగ్గరికి వచ్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు కోపమొచ్చింది. దానితోపాటే ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

ఈలోగా కండువా పెద్దమనిషి నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. అసలు దిష్టిబొమ్మను తెస్తున్న ఆటో పెట్రోల్ అయిపోయి తొర్రూరు దగ్గర ఆగిపోయిందట. బొమ్మ లేదు, కాల్చడానికి కిరసనాయిలూ దొరకలేదు. జనం పొద్దుటి నుంచి ఎండలో ఉన్నారు. ఉద్యమం కోసం ఒక్క సీసా పెట్రోల్ ఇవ్వమని చాలా మర్యాదగా అడిగాడు. బాపు మెడలో కూడా అదే కండువా ఉంది. ఊరికే ఉన్నది కాదు, ఆయన దాన్ని రోజూ ఉతికి ఆరేసుకునేవాడు. రాష్ట్రం వస్తే చాలు, ఇంకేమీ వద్దనేవాడు. ఇప్పుడు అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. బాపు ట్యాంకు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"పెట్రోలు నా బిడ్డ డ్యూటీది. పసిపోరగాండ్ల సూదులది. అది నాది గాదు ఇయ్యనీకి. నాదంటె గీ అంగున్నది, గీ పైజామున్నది, గడ్డున్నది. తీస్కోండ్రి."

గట్టిగా వేసిన కుట్లన్నీ ఆయనే దబ్బనం తీసి రెండు నిమిషాల్లో విప్పాడు. అంగీ విప్పి ఇచ్చాడు, పైజామా ఇచ్చాడు, గడ్డి వెంట్లన్నీ లాగి ఇచ్చాడు. ట్యాంకు మీది మెత్త కూడా పోయింది. రెండు వెదురు కర్రలకు అవన్నీ తొడిగి, బాపు రాసిన చీటీతో, అమ్మ వేసిన దండతో సహా చౌరస్తాలో నిలబెట్టారు. వరిగడ్డి బాగా ఎండి ఉందేమో, ఒక్క చుక్క పెట్రోల్ లేకుండా భగ్గుమన్నది. 'జాగ్రత్తగా దించవలెను' అన్న చీటీ అన్నిటికంటే చివర కాలింది. జనం డౌన్ డౌన్ అన్నారు. బాపు కూడా చేయెత్తి, ఊరి పెండ్లిళ్లకు తొడుక్కున్న తన అంగీ కాలుతుంటే, దానికి తానే డౌన్ డౌన్ అన్నాడు. అందరూ మాకు చాయ్ తాపించి, నీళ్లిచ్చి, ముందు నడిచి మరీ ఊరు దాటించారు.

బయలుదేరే ముందు ట్యాంకు మీది ఉత్త తాడు తీసేద్దామని డ్రైవరు అన్నాడు. బాపు విప్పబోయాడు. కుర్రవాళ్లు లాగి లాగి ఆ ముడిని ఇంకా బిగించారు, ఆయనకే రాలేదు. కోద్దామంటే ఒప్పుకోలేదు. కట్టిన తాడును నడుమ దారిలో కోయడం పార్సిల్ మనిషికి పరువు తక్కువట. కండువా మడిచి తాడు కింద దోపి, మీద చేయి పెట్టి కూచున్నాడు. నర్సంపేట దాటినాక ఆ రోడ్డు ఎట్లా ఉంటుందో పోయినవాళ్లకు తెలుసు. ఒక చేత్తో తాను పడకుండా పట్టుకోవాలి, ఒక చేత్తో కండువా పట్టుకోవాలి. ఏ గుంతలోనో రెండో చేయి కూడా తనకోసమే వాడుకున్నాడు.

చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనపడేసరికి పొద్దు వాలింది. మా క్వార్టరు ముందు వ్యాన్ ఆగింది. డ్రైవరు తన నాలుగు తాళ్లను ఒక్కో గుంజు గుంజితే ఊడి వచ్చాయి. షాకప్సర్లు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచాయి. బాపు తాళ్లు రెండింటినీ కత్తి తెచ్చి కోయాల్సి వచ్చింది. కోసినాక కనపడింది. ట్యాంకు కుడివైపు, బంగారు చారకు కొంచెం పైన, జానెడు పొడుగున తెల్లటి గీత. రంగు పోయి లోపలి రేకు కనపడుతున్నది.

నేను దాన్ని చూశాను, బాపు చూశాడు. డ్రైవరు పెద్దమనిషి, పొద్దున తానేమన్నాడో గుర్తుచేయకుండా పొగగొట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నదే బాపు, కనపడదు అన్నాను. ఆయన వేలితో ఆ గీత మీద అటు నుంచి ఇటు ఒకసారి రాశాడు. రాత్రి అన్నంలో చేయి కడిగాడు తప్ప తినలేదు. తాళంచెవి మొలతాడుకే ఉంది. గీత పడితే బండి వాపస్ అన్నాడు గదా, ఆ మాట నోటికొస్తుందేమోనని నేను ఆయన ముఖం చూడకుండా ఐసుడబ్బా సర్దుకున్నాను. తండా ఆమె అడిగిన మాటే చెవిలో ఉంది.

పొద్దున లేచేసరికి బాపు బండి తుడుస్తున్నాడు. అద్దాలు బిగించాడు. నేను డబ్బా భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. బండి నా చేతికి ఇద్దామని ఆయన రానేలేదు. సమ్మె అయ్యేదాకా ఇక్కడే ఉండి, తానే నడిపి, నన్ను వెనక కూచోబెట్టుకుని ఊరూరా తిప్పాలని వచ్చాడు. ఇస్తానన్నది బండినట, తాళంచెవి ఇస్తానని ఎప్పుడూ అనలేదట. నాకు ఒళ్లు మండిపోయింది. నేనేదో అనబోయేలోగా ఆయన అంగీ పైకెత్తి, మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. అదీ ఆయన వేసిన ముడే, తొందరగా రాలేదు. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"మొదటి గీత ఎవల చేతుల వడ్తదో అని ఇన్నేండ్లు భయపడ్డ. నా చేతులనే వడ్డది. ఇగ భయమేంది, తీస్కపో."

పదిన్నరకల్లా తండాలో ఉన్నాను. నన్ను నిలదీసిన ఆమె అందరికంటే ముందు పిల్లను ఎత్తుకుని వచ్చింది. పిల్ల చేయి నా వైపు చాపింది. పద్నాలుగుమంది పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు, నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒర్రె నీళ్లు దాటుతుంటే బురదలో బండి జారి కుడివైపే పడ్డాను. మోకాలు గీసుకుపోయింది. ఇద్దరు తండా ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని లేపి, తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. నేను నా మోకాలు చూసుకోలేదు. ట్యాంకు చూశాను. తాడు గీత పక్కనే ఇంకొకటి, బెత్తెడంత.

ఇంటికి చేరేసరికి బాపు మెట్ల మీద కూచుని ఉన్నాడు. అందరికీ సూదులు వేశావా అని అడిగాడు. వేశానన్నాను. మోకాలు చూసి లోపలికి పోయి దూది తెచ్చాడు. ఆ తరువాతనే బండి దగ్గరికి నడిచాడు. వంగి, ట్యాంకు మీద తన గీత చూసుకున్నాడు, దాని పక్కన కొత్తది చూశాడు.

"గిది ఎవలది?"

"నాదే బాపు."

బొటనవేలు, చూపుడువేలు చాచి ముందు దాన్ని, తరువాత తనదాన్ని కొలిచాడు.

"నా గీత కన్న చిన్నగనే ఉన్నది," అని లోపలికి పోయి, రాత్రి మానేసిన అన్నం కూడా కలిపి తిన్నాడు.